కాంతిక్షేత్ర చిత్రములు - వాటిని చదివిన లెక్కలు

కెమేరా పుట్టి ఇంచుమించు రెండు వందల సంవత్సరములు కావచ్చినది. ఈ కాలములో గాజు ఫలకము పోయి ఫిల్ము వచ్చినది. ఫిల్ము పోయి ఎలక్ట్రానిక్ గ్రాహకము వచ్చినది. కాని ఒక్క విషయములో మాత్రము చిరకాలము మార్పు రాలేదు. ఫలకముపై ఒక్కొక్క బిందువు వద్ద ఎంత కాంతి పడినదో కెమేరా గుర్తుంచుకొనును. ఆ కాంతి ఏ దిక్కునుండి వచ్చినదో మరచిపోవును. కటకము అంచు గుండా వచ్చిన కిరణము, కటకము నడుమ గుండా వచ్చిన కిరణము ఒక్క చోట పడి కలిసిపోయిన తరువాత వాటిని విడదీయుట సాధ్యము కాదు. పాలను నీటిని వేరుచేయు హంస కవుల ఊహలో ఉన్నది. ఫోటోలో కలిసిపోయిన కిరణములను వేరుచేయు హంస ఊహలో కూడ లేదు.

ఈ మరపు వలన కలుగు నష్టము ఫోటోలు తీయువారందరికి తెలిసినదే. పెండ్లి చిత్రములో వధూవరుల ముఖములు మసకగా పడి, వెనుకనున్న పందిరి గుంజలు స్పష్టముగా పడినచో ఆ చిత్రమును బాగుచేయుటకు మార్గము లేదు. ముహూర్తము మరల రాదు. ఫోకసును చిత్రము తీయుటకు ముందే కుదుర్చుకొనవలెను గాని, తీసిన పిమ్మట కుదుర్చుట కాదు. ఈ కట్టుబాటును తొలగింపవచ్చునను ఊహ 1908లోనే బయలుదేరినది. అది చేతికందు వస్తువగుటకు సుమారు వంద సంవత్సరములు పట్టినది. ఆ ఆలస్యమునకు కటకములు కొంతవరకే కారణము. అసలు లోటు లెక్కలు చేయు యంత్రము లేకపోవుటయే.

కాంతిక్షేత్రము అనగా నేమి?

ఖాళీగా కనబడు గదిలో కూడ ప్రతి బిందువు గుండా అన్ని దిక్కులకు కిరణములు పోవుచుండును. గదిలో ఏ మూల నిలుచుండి చూచినను ఎదుటి గోడ కనబడుటకు కారణమిదియే. ఈ సంగతిని లియొనార్డో డావించీ తన చేతివ్రాతలలో గుర్తించెను. 1846లో మైకేల్ ఫారడే, అయస్కాంతపు బలరేఖల వలె కాంతిని కూడ క్షేత్ర భావనతో వివరింపవచ్చునని సూచించెను. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు గెర్షున్ 1936లో ప్రకటించిన గ్రంథమునకు 'కాంతిక్షేత్రము' అనియే పేరు పెట్టెను. ఆ గ్రంథము 1939లో అమెరికాలో ఇంగ్లీషులోనికి అనువదింపబడినది.

ఒక కిరణమును పూర్తిగా వర్ణించుటకు ఎన్ని సంఖ్యలు కావలెను? 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎడెల్సన్, బెర్గెన్ అనువారు ఏడు సంఖ్యలు కావలెనని లెక్క కట్టిరి. కిరణము పోవు చోటును తెలుపుటకు మూడు, దాని దిక్కును తెలుపుటకు రెండు, రంగుకు ఒకటి, కాలమునకు ఒకటి. రంగును, కాలమును ప్రక్కకు పెట్టినచో ఐదు మిగులును. అడ్డములేని చోట కిరణము తన దారి పొడవునను ఒక్క తీరుననే ఉండును. కావున ఇంకొక సంఖ్యయు తగ్గి నాలుగు చాలును.

ఈ నాలుగు సంఖ్యలను ఇట్లు ఊహింపవచ్చును. ఎదురెదురుగా రెండు కిటికీ అద్దములు నిలిపినట్లు అనుకొనుడు. ఒక కిరణము మొదటి అద్దమును ఏ చోట తాకినదో చెప్పుటకు అడ్డముగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత కావలెను. రెండవ అద్దమునకును అట్లే రెండు కొలతలు కావలెను. ఆ రెండు చోట్లు తెలిసినచో కిరణము దారి తెలిసినట్లే. కెమేరాలో కటకము మొదటి అద్దము, గ్రాహక ఫలకము రెండవ అద్దము. సామాన్యమైన కెమేరా రెండవ అద్దముపై నున్న రెండు కొలతలను మాత్రమే వ్రాసికొని, మొదటి రెండింటిని పారవేయుచున్నది. నాలుగింటిని భద్రపరచునదే కాంతిక్షేత్ర కెమేరా.

లిప్‌మన్ సంకల్పము

గాబ్రియేల్ లిప్‌మన్ 1845లో లక్సెంబర్గులో జన్మించి, పారిస్ నగరమున సోర్బాన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా ఉండెను. మేరీ క్యూరీ తన పరిశోధనలను ఆరంభించినది ఆయన ప్రయోగశాలలోనే. కాంతి తరంగముల వ్యతికరణము చేత రంగుల ఫోటోలు తీయు పద్ధతిని కనుగొన్నందులకు 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. అదే సంవత్సరము మార్చి 2వ తేదీన ఆయన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట మరియొక ఊహను నివేదించెను. దానికి ఆయన పెట్టిన పేరు 'సమగ్ర ఛాయాగ్రహణము'.

ఈగ కంటిలో అనేకములైన చిన్న కన్నులు గుమిగూడి ఉండును. అదే విధముగా ఫిల్ము మీద చిన్న చిన్న కటకములను దగ్గరదగ్గరగా పరచవలెనని లిప్‌మన్ భావించెను. ప్రతి చిన్న కటకము తన చోటినుండి కనబడు దృశ్యమును తన క్రింద నున్న ఫిల్ము తునకపై చిత్రించును. ఫిల్మును కడిగిన తరువాత ఆ కటకముల గుండానే వెనుకకు చూచినచో, కిరణములు వచ్చిన దారినే తిరిగి పోయి, వస్తువు లోతుతో సహా గాలిలో నిలిచినట్లు కనబడవలెను. కిటికీలో నుండి చూచినట్లు తలను కదల్చినప్పుడెల్ల దృశ్యము కూడ కదలవలెను.

ఊహ నిర్దుష్టమైనది. ఆచరణలో రెండు చిక్కులు ఎదురైనవి. వేలకొలది చిన్న కటకములను ఒకే తీరుగా మలచుట ఆ కాలపు పనివారికి సాధ్యము కాలేదు. అదియుగాక, ఆ చిత్రమును సూటిగా చూచినచో లోతు తారుమారగును. ముందున్నది వెనుకగను, వెనుకనున్నది ముందుగను తోచును. 1911లో మాస్కోలో సొకొలోవ్ కటకములకు బదులు సూదిబెజ్జములు పెట్టి ఈ సూత్రము సత్యమని చూపెను. అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన హెర్బర్ట్ ఐవ్స్ 1928 మొదలుగా ఈ విషయముపై పనిచేసి, చిత్రమును మరల ఒకసారి చిత్రము తీసినచో తారుమారైన లోతు సరియగునని కనుగొనెను. లిప్‌మన్ మాత్రము ఫలితమును చూడలేదు. ఆయన 1921లో ఓడ ప్రయాణములో నుండగా మరణించెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. లిప్‌మన్, ఐవ్స్ మొదలగువారి దృష్టిలో కిరణములను తిరిగి కలుపు పనిని కూడ కటకములే చేయవలెను. తీసినది ఫిల్ము, చూపునది గాజు. కిరణములను సంఖ్యలుగా మార్చి, ఆ సంఖ్యలను ఇచ్చవచ్చినట్లు కూడి క్రొత్త చిత్రములు తయారుచేయు మార్గము వారి కాలమున లేదు.

కంప్యూటరు వచ్చిన తరువాత

1992లో ఎడెల్సన్, వాంగ్ అనువారు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఒకే పెద్ద కటకము, దాని వెనుక చిన్న కటకముల పలక, ఆ వెనుక ఎలక్ట్రానిక్ గ్రాహకము గల కెమేరాను నిర్మించిరి. రెండు కన్నులతో మనుష్యుడు దూరము నంచనా కట్టునట్లు, ఒకే కటకములోని వేరువేరు భాగముల నుండి కనబడు దృశ్యములను పోల్చి వస్తువుల దూరమును లెక్కించుట వారి ఉద్దేశము.

1996లో రెండు బృందములు వేరువేరుగా ఒకే ఫలితమునకు వచ్చిరి. స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయములో మార్క్ లెవాయ్, పాట్ హన్రహన్ ఒక జట్టు. గోర్ట్‌లర్, గ్జెజుక్, సెలిస్కీ, కోహెన్ మరియొక జట్టు. పైన చెప్పిన రెండు అద్దముల పద్ధతిని లెక్కలలో ప్రవేశపెట్టినవారు వీరే. ఒక వస్తువును అనేక స్థానముల నుండి ఫోటో తీసి ఆ చిత్రములన్నిటిని ఒకే నాలుగు పరిమాణముల పట్టికగా భావించిరి. ఎవరును కెమేరా పెట్టని చోటినుండి ఆ వస్తువు ఎట్లు కనబడునో తెలియవలెనన్నచో ఆ పట్టికలో తగిన గడులను ఏరుకొన్న చాలును. వస్తువు ఆకారమును ముందుగా తెలిసికొన వలసిన పని లేదు.

తరువాత స్టాన్‌ఫోర్డులో సుమారు వంద చిన్న కెమేరాలను వరుసలుగా బిగించి ఒకే యంత్రముగా పనిచేయించిరి. వాటి చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చి కూడినచో, ఆ గుంపు అంతయు ఒక పెద్ద కటకము వలె పనిచేయును. దట్టమైన ఆకుల చాటున నున్న మనిషిపై ఫోకసు నిలిపినచో ముందున్న ఆకులు మసకబారి కరిగిపోయి, వెనుకనున్న మనిషి బయటపడును. ఏలనగా ఒక కెమేరాకు ఆకు అడ్డు వచ్చిన చోట, ప్రక్కనున్న కెమేరాకు సందు దొరకును.

చేతిలో ఇమిడిన యంత్రము

వంద కెమేరాల చట్రమును భుజముపై మోసికొని తిరుగుట కుదరదు. హన్రహన్ శిష్యుడైన రెన్ ఇంగ్ 2005లో సహచరులతో కూడి ఆ గుంపును ఒకే కెమేరాలో ఇమిడ్చెను. అంగడిలో దొరకు కాంటాక్స్ కెమేరాను తీసికొని, 4000 వరుసలు, 4000 నిలువులు గల గ్రాహకమునకు ముందు సూక్ష్మ కటకముల పలకను అమర్చిరి. ఒక్కొక్క కటకము వెడల్పు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. పలకపై 296 వరుసలలో 296 చొప్పున, అనగా మొత్తము సుమారు 88 వేల కటకములుండెను. కటకములకు, గ్రాహకమునకు నడుమ దూరము అర మిల్లీమీటరు మాత్రమే.

ప్రతి సూక్ష్మ కటకము క్రింద అడ్డమునకు సుమారు 14, నిలువునకు సుమారు 14 పిక్సెళ్ళు పట్టును. సామాన్యమైన కెమేరాలో ఒక్క చోట కలిసిపోవు కిరణములు ఇచ్చట విడివిడిగా ఈ పిక్సెళ్ళపై పడును. ఎడమ ప్రక్కనున్న పిక్సెలుపై కటకములోని ఒక భాగము గుండా వచ్చిన కాంతి, కుడి ప్రక్కనున్న దానిపై వేరొక భాగము గుండా వచ్చిన కాంతి పడును. ప్రతి సూక్ష్మ కటకము క్రింద అదే స్థానములో నున్న పిక్సెలును మాత్రము ఏరి ప్రక్కప్రక్కన పేర్చినచో, పెద్ద కటకములోని ఆ చిన్న భాగము నుండి చూచిన పూర్తి చిత్రము తయారగును. ఇట్టి చిత్రములు సుమారు 150 లభించును.

ఇక ఫోకసు మార్చుట కూడికలతో సరి. ఈ 150 చిత్రములను ఉన్నవి ఉన్నట్లు కూడినచో ఒక దూరమున నున్న వస్తువులు స్పష్టముగా కనబడును. ఒక్కొక్క దానిని కొంచెము కొంచెముగా ప్రక్కకు జరిపి కూడినచో వేరొక దూరమున నున్న వస్తువులు స్పష్టపడును. ఎంత జరుపవలెనో నిర్ణయించునది కంప్యూటరు ముందు కూర్చున్నవాని ఇష్టము. చిత్రము తీసిన మనిషి అప్పటికి ఇల్లు చేరి ఉండవచ్చును.

ఈ కూడికలలో ఒక చిక్కు కలదు. నాలుగు పరిమాణములలోను ఒక్కొక్క దానియందు 100 గడులున్నవనుకొన్నచో, ఒక్క చిత్రమునకు 10 కోట్ల కూడికలు కావలెను. ఫోకసు మార్చినప్పుడెల్ల ఇదే శ్రమ. రెన్ ఇంగ్ దీనికి వెదకిన ఉపాయము రేడియో ఖగోళ శాస్త్రము నుండి వచ్చినది. 1956లో బ్రేస్‌వెల్ ఆకాశమును రేడియో దూరదర్శినితో పరిశీలించుటలో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ఒక వస్తువు నీడను ఫూరియే పద్ధతిలో తరంగములుగా విడదీసినచో, అది ఆ వస్తువుయొక్క పూర్తి తరంగ రూపములో ఒక కోతకు సమానమని దాని సారాంశము. ఆసుపత్రులలో ఎక్స్‌కిరణములతో శరీరమును పొరలు పొరలుగా చూచు యంత్రములకును ఇదే ఆధారము. ఫోటో కూడ కాంతిక్షేత్రపు నీడవంటిదే యని రెన్ ఇంగ్ 2005లో నిరూపించెను. కాంతిక్షేత్రమును ఒక్కసారి తరంగములుగా మార్చి ఉంచుకొన్న చాలును. ఆపైన కావలసిన ఫోకసుకు తగిన వాలులో ఒక కోత కోసి వెనుకకు మార్చినచో చిత్రము సిద్ధము. ముందుగా ఒక్కసారి చేయు శ్రమను విడిచినచో, 10 కోట్లకు బదులు కొన్ని పదివేల లెక్కలతో పని తీరును.

సాఫ్ట్‌వేరు చేయు పని

ఇంతవరకు చెప్పినది సూత్రము. నిజమైన కెమేరా ఇచ్చు ముడి చిత్రమును తెరపై చూచినవారికి అది ఫోటో వలె తోచదు. వేలకొలది గుండ్రని చుక్కలుగా విడిపోయిన తేనెపట్టు వలె ఉండును. దానిని చిత్రముగా మార్చుటకు సాఫ్ట్‌వేరు క్రమముగా కొన్ని పనులు చేయవలెను.

మొదట ప్రతి సూక్ష్మ కటకముయొక్క నడిబిందువును కనుగొనవలెను. దీనికి తెల్లని, సమమైన వెలుతురులో తీసిన చిత్రము ఆధారము. అందులో ప్రతి కటకము నడుమ ప్రకాశముగను, అంచున మందముగను కనబడును. పిమ్మట అసలు చిత్రమును ఈ తెల్ల చిత్రముతో భాగించి అంచుల మందమును తొలగించవలెను. గ్రాహకముపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము జల్లెడలు విడివిడిగా నుండును గనుక ప్రతి పిక్సెలుకు లోపించిన రంగులను ప్రక్కవాటి నుండి అంచనా కట్టవలెను. కటకముల పలక గ్రాహకముపై కొంచెము వంకరగా అమరి ఉండును. ఆ వంకరను సరిచేయవలెను. కటకములు తేనెపట్టు అరల వలె పేర్చబడి ఉన్నచో వాటిని చదరపు గడులలోనికి మార్చవలెను. ఇన్ని మెట్లు దాటిన పిమ్మటనే జరుపుట, కూడుట మొదలగును.

ఏ రెండు కెమేరాలలోను కటకముల పలక ఒకే తీరుగా అమరదు. కావున ఒక కెమేరా తెల్ల చిత్రము మరియొక కెమేరాకు పనికిరాదు. ఈ చిన్న సంగతి తరువాతి కథలో పెద్దదైనది.

వ్యాపారము, దాని ముగింపు

రెన్ ఇంగ్ 2006లో తన సిద్ధాంత వ్యాసమును సమర్పించి, ఒక సంస్థను స్థాపించెను. తరువాత దానికి లైట్రో అను పేరు వచ్చినది. జర్మనీలో రేట్రిక్స్ అను సంస్థ 2010లో పరిశ్రమల కొరకు ఇట్టి కెమేరాలను అమ్మకమునకు తెచ్చినది. లైట్రో సామాన్య ప్రజల కొరకు తయారుచేసిన కెమేరా 2011లో ప్రకటింపబడి 2012లో కొన్నవారి చేతికి వచ్చినది. చౌకరకము వెల 399 డాలర్లు. చదరపు గొట్టము వలె నున్న ఆ కెమేరాలో 3280 వరుసలు, 3280 నిలువులు గల గ్రాహకము కలదు. సూక్ష్మ కటకము వెడల్పు మిల్లీమీటరులో సుమారు డెబ్బదవ వంతు. దాని క్రింద అడ్డమునకు సుమారు 10 పిక్సెళ్ళు పట్టును.

దీని బలహీనత కూడ ఈ అంకెలలోనే కనబడుచున్నది. దిక్కును వ్రాసికొనుటకు పిక్సెళ్ళను ఖర్చు చేసినచో చోటును వ్రాసికొనుటకు తక్కువ మిగులును. ఒక కోటికి పైగా పిక్సెళ్ళున్నను చివరకు చేతికి వచ్చు చిత్రము 1080 వరుసలు, 1080 నిలువులు గలది. ఆ వెలకు దొరకు మామూలు కెమేరాలు ఇంతకన్న ఎంతో వివరముగల చిత్రములను ఇచ్చుచుండెను. 2014లో వచ్చిన రెండవ కెమేరా మెరుగైనదేగాని దాని వెల 1599 డాలర్లు. కొనువారు చాలలేదు. సంస్థ చలనచిత్రముల వైపు మరలి, 2017 చివరలో ప్రజలు తమ చిత్రములను పంచుకొనుచుండిన తన వెబ్‌సైటును నిలిపివేసినది. 2018 మార్చిలో మూతపడినది.

సంస్థ మూతపడినను ప్రజల యొద్ద చిత్రములు మిగిలినవి. మామూలు ఫోటోను ఏ కంప్యూటరైనను తెరచి చూపగలదు. ఈ ముడి చిత్రములను చిత్రములుగా మార్చు లెక్కలు సంస్థ సాఫ్ట్‌వేరులో ఉండెను. క్రొత్త కంప్యూటర్లు వచ్చిన కొలది ఆ సాఫ్ట్‌వేరును వాటికి తగినట్లు మార్చు వారు లేకపోయిరి. చిత్రము చేతిలోనే ఉండి చదువరాని తాళపత్రము వలె మిగిలిపోవు ప్రమాదమేర్పడినది.

ఆ ప్రమాదమును కొంత తప్పించినవారు సంస్థకు వెలుపలి వారు. 2012లోనే స్వతంత్రులైన ప్రోగ్రాము రచయితలు ఆ ఫైళ్ళను విప్పి చూచి, ముడి చిత్రమును, దానితోపాటు సాదా అక్షరములలో వ్రాయబడిన వివరములను వేరుచేయు సాధనములను అందరికి అందుబాటులో ఉంచిరి. 2013లో సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన డాన్సెరో, పిజారో, విలియమ్స్ అనువారు ముడి చిత్రమును నాలుగు పరిమాణముల పట్టికగా మార్చు పద్ధతిని, సూక్ష్మ కటకముల కొలతలను సరిచూచు పద్ధతిని పూర్తిగా ప్రకటించిరి. డాన్సెరో దానిని మాట్‌ల్యాబ్‌లో పనిచేయు సాధనముగా ఉచితముగా ఇచ్చెను. అయినను ఆయా కెమేరాకు చెందిన తెల్ల చిత్రములు ఉండి తీరవలెను. వాటిని కూడ భద్రపరచుకొన్నవారు తమ చిత్రములను నేటికిని సరిగా తెరువగలరు. వాటిని పోగొట్టుకొన్నవారికి ఏ సాధనమును పూర్తిగా తోడ్పడజాలదు.

మిగిలిన ఫలము

వ్యాపారము నిలువకపోయినను విద్య నిలిచినది. 2006లో లెవాయ్, రెన్ ఇంగ్ మొదలగువారు సూక్ష్మదర్శినికి ఇట్టి కటకముల పలకను అమర్చిరి. సూక్ష్మదర్శినిని పైకి క్రిందికి జరుపకుండ ఒక్క చిత్రములోనే లోతులన్నియు పట్టుబడును. 2014లో ఈ పద్ధతితో ఒక సూక్ష్మమైన పురుగుయొక్క నాడీకణములు, చేపపిల్ల మెదడులోని నాడీకణములు పనిచేయు తీరును ఒక్కసారిగా చిత్రించిరి. క్షణములో మెరసి పోవు సంకేతములను పొరవెంట పొరగా చిత్రించుటకు వ్యవధి ఉండదు గనుక అచ్చట ఈ పద్ధతికి విలువ కలిగినది.

కొన్ని సెల్‌ఫోనులలో ప్రతి పిక్సెలును రెండు సగములుగా చీల్చి యుందురు. ఒక సగము కటకముయొక్క ఎడమ భాగమును, రెండవది కుడి భాగమును చూచును. ఇది రెండే దృశ్యములు గల అతి చిన్న కాంతిక్షేత్రము. 2017లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 2 ఫోను ఈ స్వల్పమైన తేడాను ఉపయోగించి, మనిషి వెనుక నున్న దృశ్యమును మసకబరచినది. ఆ పని చేసిన బృందమునకు నాయకుడు లెవాయ్ యే. 2020లో, బర్క్‌లీలో ఆచార్యుడైన రెన్ ఇంగ్, ఆయన సహచరులు కొన్ని మామూలు ఫోటోలను చూచి దృశ్యమును నేర్చుకొను గణన పద్ధతిని ప్రకటించిరి. దానికి ఇచ్చు సంఖ్యలు ఐదు: చోటుకు మూడు, దిక్కుకు రెండు. ఎడెల్సన్, బెర్గెన్ల లెక్కలో మిగిలిన ఐదును ఇవియే.

లిప్‌మన్ తన ఊహను ప్రకటించిన నాడు కటకములు మలచువారి నేర్పు చాలలేదు. ఆ నేర్పు వచ్చిన తరువాత చిత్రమునకు ప్రాణము సాఫ్ట్‌వేరులోనికి మారినది. ఇకమీదట ఫోటోను దాచుకొనుట యనగా ఆ బొమ్మను మాత్రమే దాచుకొనుట కాదు. దానిని చదువు లెక్కలను, ఆ కెమేరాయొక్క కొలతలను కూడ దాచుకొనుట. ఆ లెక్కలు పదిమందికి తెలిసిన చోట చిత్రములు బ్రదుకును. ఒక్కరి పెట్టెలో ఉన్న చోట, ఆ పెట్టె మూతపడిన నాడు చిత్రములకును మూత పడును.